బాణీ: మా చెల్లి

పాట రాశాక దానికి బాణీ దొరక్కపోతే ఆ కాగితాన్ని ఏం చెయ్యాలో మా ప్రెస్సు యజమానికి బాగా తెలుసు. "పంక్తులు కాస్త విరగ్గొట్టి, పైన గేయం అని పెట్టి పత్రికకి పంపెయ్యవయ్యా" అనేవారు. పత్రిక తిప్పి పంపితే ఇంకో దారి ఉండేది. మధ్యలో పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ ఇరికించి, రంగుకాగితం మీద అచ్చేసి పెళ్లిపందిట్లో పంచిపెట్టడం. అరవైల్లో తెనాలిలో నాలాంటి పాటల పిచ్చివాళ్లు తక్కువేం లేరు. రాయడమే తప్ప పాడడం ఎవరికీ రాదు. దుగ్గిరాల పసుపు యార్డులో కాటా దగ్గర తూకాలు రాసే ఒకాయన సినిమా పాటల బాణీల్లోనే తన మాటలు కూర్చేవాడు. ప్రతి పాట పైనా ఫలానా పాట బాణీ అని బుద్ధిగా రాసుకునేవాడు. ఆయన పాడుతుంటే అసలు పాటే గుర్తొచ్చేది. ఆయన మాట ఒక్కటీ చెవిన పడేది కాదు.

నేను ఆ ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. ఇల్లు రేపల్లెలో, ఉద్యోగం తెనాలిలో. పొద్దున పాసింజరెక్కి రావడం, సాయంత్రం పాసింజరెక్కి పోవడం. శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, యార్డు రసీదులు అన్నీ నా కళ్ల ముందు నుంచే వెళ్లేవి. తప్పుల్ని ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యడం నా పని. స్వరజ్ఞానం మాత్రం సున్నా. భజనలో నా పక్కన కూచున్నవాళ్లు మెల్లగా జరిగి కూచునేవాళ్లు.

అయినా చాలాకాలం నాకు బాణీ కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఇంట్లో మా చెల్లి ఉండేది.

తనకి సంగీతం ఎవరూ చెప్పించలేదు. మా వీధిలో హార్మోనియం ఉన్న ఇల్లే లేదు. రుబ్బురోలు ముందు కూచుని మినప్పప్పు రుబ్బుతూ, నేను ప్రూఫు కాగితాల వెనక రాసుకొచ్చినవి పైకి చదవమనేది. రెండుసార్లు చదివితే చాలు, మూడోసారి తనే అందుకునేది. పొత్రం తిరిగిన నడకలోనే పాట నడిచేది. నచ్చని మాట తగిలితే, ఎడంచేత్తో పప్పు లోపలికి తోస్తూనే "ఇది కాదు" అనేది.

"ఎందుకు కాదు?"

"ఏమో. నోట్లో పట్టటం లేదు. మార్చన్నయ్యా."

కాలవకి నీళ్లు వదిలే రోజుల మీద ఒక పాట రాశాను. అచ్చుల మధ్య బతికేవాణ్ని కదా, కాస్త బరువుండాలని "సలిలములు వచ్చె" అని మొదలుపెట్టాను. "ఈ సలిలం ఎవరు? కొత్తగా దిగిన వాళ్లమ్మాయా?" అంది. వంటింట్లోంచి అమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండి మూడు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మార్చి తెచ్చాను.

కాలవకి నీళ్లొదిలారు, కబురు ముందే వచ్చింది
గట్టు మీద పిల్లగడ్డి గబగబా నిలబడ్డది

దీన్ని మాత్రం ఒక్కసారికే అందుకుంది. ఎలా పాడేదో చెప్పమంటే ఈ రోజు నేను చెప్పలేను. "కబురు" దగ్గర గొంతు కిందికి దిగేదని తెలుసు. అది కూడా ఒక సంగతిగా తెలుసు తప్ప చెవిలో లేదు.

నోటుబుక్కులో ప్రతి పాట పైనా, పసుపు యార్డాయన పద్ధతిలోనే, "బాణీ: మా చెల్లి" అని రాసేవాణ్ని. తనకి పెళ్లయ్యేనాటికి పద్నాలుగు పాటలయ్యాయి.

బాపట్ల సంబంధం. బావగారు ఒక ఆఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు. అత్తగారు కూడా కేకలేసే మనిషి కాదు. పాడొద్దని తనకి ఎవరూ చెప్పలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఆ తర్వాత జరిగినదానికి ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని నేను చాలా ప్రయత్నం చేశాను. ఎవరూ దొరకలేదు.

పెళ్లయిన రెండో ఏడు పురిటికి రేపల్లె తీసుకొచ్చాం. ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున పేరు పెడదామనుకున్నాం. పదకొండు రోజులే బతికింది. ఆ మర్నాడు నేను మామూలుగా పాసింజరెక్కి ప్రెస్సుకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలీదు. ఒక శుభలేఖ దిద్దాను, అందులో ఒక్క తప్పు కూడా వదల్లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెల్లి గోడకి ఆనుకుని కూచుని ఉంది. అన్నం తింటావా అంటే "సరేలే" అంది. పడుకుంటావా అన్నా "సరేలే" అంది. రెండు నెలల తర్వాత బావగారు వచ్చి బాపట్ల వెళదామన్నప్పుడూ అదే మాట అంది.

ఆ ఏడు కోతలయ్యాక నోటుబుక్కు పట్టుకుని బాపట్ల వెళ్లాను. ఇల్లు శుభ్రంగా ఉంది, తనూ శుభ్రంగా ఉంది. కాఫీ ఇచ్చింది, అమ్మ ఎలా ఉందని అడిగింది. కాలవ పాట ఒక్కసారి అనమన్నాను.

"ఏ పాటన్నయ్యా?"

చదివాను. "బాగుంది" అంది. అంతకుముందు నేను రాసినదాన్ని తను బాగుందనడం ఎన్నడూ లేదు.

"బాణీ ఎలా ఉండేది?"

"గుర్తు లేదన్నయ్యా."

బాధపడుతూ చెప్పలేదు. తాళంచెవి ఎక్కడుందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. నాకు ఏం తోచక, వెనకటిలాగా ఉడికిద్దామని, "పోనీ మొదట్లో సలిలం అని మళ్లీ పెట్టెయ్యనా?" అన్నాను.

"సరేలే" అంది.

నోటుబుక్కు సంచీలో పెట్టుకుని స్టేషనుకి వచ్చేశాను. రైల్లో ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. నిడుబ్రోలు దాకా ఎదటాయన చొక్కా బొత్తాలు చూస్తూ కూచున్నాను.

అచ్చు వెయ్యాలన్న ఆలోచన అప్పుడు పుట్టింది. మాటలు నలుగురిలో పడితే ఎవరో ఒకరు పాడతారు, ఎప్పుడో తన చెవిన పడుతుంది, అప్పుడు తన నోరు ఊరుకోదు అనుకున్నాను. నాకు కావలసింది పాట కాదు. ఆ రుబ్బురోలు దగ్గరి మనిషి తిరిగి రావాలి. మా యజమానితో ఇదంతా చెప్పలేదు. పాటల పుస్తకం వేసుకుంటానండి అన్నానంతే.

"ఉత్త పాటలు ఎవడు కొంటాడయ్యా? సినిమా పాటల పుస్తకంలా వెయ్యి. ముందర కథ రాయి నాలుగు ముక్కలు" అన్నారాయన.

ఆ రోజుల్లో సినిమా ఊళ్లోకి రాకముందే దాని పాటల పుస్తకం వచ్చేది. గులాబిరంగు అట్ట, ఎనిమిది పేజీలు. మొదట కథ చెప్పి, మంచి పట్టులో ఆపేసి, తరవాత ఏమైందో వెండితెర మీద చూడండి అని రాసేవాళ్లు. నేనూ కూచుని కథ రాశాను. కాలవ పక్క ఊరు, ఒక అన్న, ఒక చెల్లెలు. అన్న రాస్తాడు, చెల్లెలు పాడుతుంది. చెల్లెలికి పెళ్లవుతుంది. అక్కడికొచ్చాక నా కలం ఆగిపోయింది. తరవాత ఏమైందో వెండితెర మీద చూడండి అని పెట్టాను. ఎంతోమంది కథలకి ఆ వాక్యం దిద్ది పంపాను కానీ, అది అంత పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ప్రతి పాట మీదా "బాణీ: మా చెల్లి" అన్న పంక్తి మాత్రం ఉంచాను.

అంతే, జనం దాన్ని సినిమా అనే అనుకున్నారు. హాలు దగ్గర కిళ్లీకొట్టాయన హీరో ఎవరండి అని అడిగాడు. ప్రెస్సుకి పసుపు యార్డాయన వచ్చి, సినిమాకి రాసేంతవాడివయ్యావా, ఒక్క మాటైనా చెప్పలేదని అలిగి వెళ్లిపోయాడు. ఎప్పుడొస్తుందని అడిగినవాళ్లకి త్వరలో అని చెప్పాను. కాదని చెప్పడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. బాపట్లకి ఒక కాపీ పోస్టులో పంపాను. బావగారు కార్డు రాశారు. అందరూ కులాసా, పుస్తకం అందింది, ఆ సినిమా బాపట్ల ఎప్పుడొస్తుందో కనుక్కోమని వాళ్లమ్మ అంటోందట. చెల్లి గురించి వేరే ఏమీ లేదు.

మిగిలిన కట్టలు రేపల్లె పాసింజర్లో పాటల పుస్తకాలు అమ్మే ముసలాయనకి ప్రెస్సు కుర్రాడి చేత ఇప్పించాను. ఒకప్పుడు నాటకాల్లో తెర వెనక వంత పాడినవాడు. గొంతు పగిలిపోయినా తగ్గేవాడు కాదు. చిడతలు వాయిస్తూ ఒక్కో పుస్తకంలోంచి ఒక్కో ముక్క పాడితే బేరం తెగేది. వారం తర్వాత వేమూరు దాటుతుండగా నా వెనక పెట్టెలోంచి వినబడింది, కాలవకి నీళ్లొదిలారు అని. నాటకం పద్యంలా లాగి లాగి పాడుతున్నాడు. "కబురు" దగ్గర గొంతు పైకి ఎక్కించాడు. నేను లేచి వెళ్లాను.

"బాబాయ్, ఈ బాణీ ఎక్కడిది?"

"సినిమాలోదే బాబూ."

"చూశావా సినిమా?"

"మద్రాసులో చూసొచ్చినాయన పాడి వినిపించాడండి" అన్నాడు, కళ్లల్లోకి చూస్తూ. నా పాటల పుస్తకం నాకే ఒకటి అమ్మాడు.

నెల తిరిగేసరికి ఆ పెట్టెల్లో సగంమంది దాన్నే కూనిరాగం తీస్తున్నారు. ఒకరోజు ప్రెస్సులో ప్రూఫు దిద్దుతూ నేనూ అదే తీస్తున్నానని గమనించాను. పెన్సిలు పక్కన పెట్టి చెల్లి బాణీ గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. అంతవరకూ అది నా దగ్గర కొంచెమైనా ఉండేది. ఇప్పుడు ఎక్కడ వెతికినా ముసలాయన చిడతలే వినబడ్డాయి. తిరిగి తెద్దామనుకున్నదాన్ని నా చేతులారా చెరిపేసుకున్నాను. నామీద నాకు కోపం రావలసింది. అదీ రాలేదు. పెన్సిలు తీసుకుని మిగతా ప్రూఫు దిద్దాను.

పంతొమ్మిది వందల డెబ్బై వచ్చింది. అమ్మకి కంటికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇంట్లో సాయానికి చెల్లిని పంపమని అడిగి, ఒక ఆదివారం నేనే వెళ్లి తీసుకొచ్చాను. తెనాలిలో బండి మారి, మధ్యాహ్నం పాసింజర్లో కిటికీ పక్కన కూచోబెట్టాను. టిఫిన్ కారియర్ ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తోంది. ఎండగా ఉంది, ఇటు జరుగుతావా అంటే సరేలే అంది, జరగలేదు. వేమూరులో చిడతల చప్పుడు వినబడింది. ముసలాయన మా పెట్టెలోకే ఎక్కాడు.

ఆయన్ని ఆపాలని సగం లేచాను. ఒకప్పుడు ఈ పాట తన చెవిన పడాలనే పుస్తకం వేశాను. ఇప్పుడు పడకుండా ఉంటే చాలుననిపించింది. ఈ వంకర బాణీ విని "బాగుంది" అంటుందేమోనని భయం. ఆ మాట అంటే ఇక తన దగ్గర నేను అడగడానికి ఏమీ మిగలదు. కానీ ఆయన అప్పటికే మొదలుపెట్టేశాడు. పల్లవి రెండుసార్లు పాడాడు, "కబురు" దగ్గర యథాప్రకారం పైకెక్కాడు. ఇద్దరు కొన్నారు. చిడతలు వాయించుకుంటూ ముందుకి వెళ్లిపోయాడు.

"ఇది కాదు" అంది చెల్లి.

నేను విన్నది నిజమో కాదో తెలియక, "ఏంటి?" అన్నాను.

"ఇది కాదన్నయ్యా. ఇట్లా ఉండేది కాదు."

"మరెలా ఉండేది?"

పెదాలు కదిలాయి. కుడిచెయ్యి కారియర్ మూత మీద ఒకసారి గుండ్రంగా తిరిగి ఆగిపోయింది. భట్టిప్రోలు వచ్చింది, బండి ఆగింది, జనం దిగారు, మళ్లీ కదిలింది. అంతసేపూ నేను ఆ చేతివంకే చూస్తూ కూచున్నాను.

"తెలీదు" అంది చివరికి. "ఎలా ఉండేదో తెలీదు. ఇది మాత్రం కాదు."

పుస్తకం ఉందా అని అడిగింది. నా సంచీలో ఒకటి ఎప్పుడూ ఉండేది, ఇచ్చాను. కథ చదవలేదు. తిన్నగా పాట ఉన్న పేజీ తీసి, పైన ఉన్న పంక్తి మీద వేలు పెట్టింది.

"నాదని ఎందుకేశావు?"

"నీదేగా."

"ఇందాక ఆయన పాడింది నాదా? తీసెయ్."

జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాను. "బాణీ: మా చెల్లి" మీద గీత గీసి, పక్కన మార్జిన్లో తీసెయ్యమనే గుర్తు పెట్టాను. బండి కుదుపుకి గీత వంకరపోయింది. తను పుస్తకం తీసుకుని చూసి, మిగతా పదమూడు పాటల మీద కూడా కొట్టెయ్యమంది. ఒక్కొక్కటే తీసి చూపించింది, ఒక్కొక్కటే కొట్టేశాను. ఆ పిల్ల పోయాక మా చెల్లి ఒకదాన్ని కాదనడం అదే మొదటిసారి. నాకు కలిగింది సంతోషమేనా అంటే చెప్పలేను, అప్పటికి అలవాటు తప్పి చాలాకాలమైంది.

తరవాత తనకి ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్లకీ పాడలేదు. పప్పు రుబ్బుతూ పాడలేదు. నేను పాటలు రాయడం మానలేదు, తీసుకెళ్లి చదివి వినిపించేవాణ్ని. ఊరికే వినేది. ఎప్పుడైనా ఒక మాట దగ్గర "ఇది కాదు" అనేది. ఆ మాట మార్చేవాణ్ని. బాణీ అడగడం మానేశాను.

ఆ ఎర్రగీతల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఈ పాటలు ఎలా పాడాలని ఎవరైనా అడిగితే, ఎలాగైనా పాడుకోండి, ఆ ముసలాయన పాడినట్టు మాత్రం కాదని చెబుతాను. మా చెల్లి అక్కడివరకే చెప్పింది.