మనమంటే ఎవరెవరు?

అత్యున్నత న్యాయస్థానపు అనువాద విభాగంలో పనిచేసే పెద్దాయనకు ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ‘మనం’ అన్నా నమ్మరు.

“మనం టీ తాగుదామా, మాస్టారూ?”

“మనమంటే? నేను తాగేవాళ్లలోనా, తెచ్చేవాళ్లలోనా?”

ఇంట్లోనూ అంతేనట. భార్య “మనం బీరువా జరుపుదాం” అంటే, “చెప్పేది నువ్వు, జరిపేది నేను. ఇందులో మనం ఎక్కడుంది?” అని తేల్చుకున్నాకే చేయి వేసేవారట. అందుకే ఆయనకు ‘ఎవరెవరు మాస్టారు’ అని పేరు పడింది.

కొత్తగా చేరిన అనువాదకురాలికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె రాసిన ప్రతి కాగితాన్నీ మాస్టారు మధ్యలోనే అందుకుని, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, వాసన చూస్తున్నట్టుగా చదివేవారు. తన తప్పులు ఏరి సూపరింటెండెంటుకు మోస్తున్నారని ఆమె అనుమానం.

అంతలో రేవుల తీర్పు తెలుగులోకి మార్చడానికి ఆమె దగ్గరికి వచ్చింది. రాష్ట్రాలు కలిసి దేశంగా ఏర్పడిననాటి ఒడంబడికలో రేవుల గురించి నిర్ణయించేది ఎవరో, కేంద్రం రాష్ట్రాలతో అన్న ఒక్క మాటలో ఉంది. ఒడంబడిక రాసిన భాషలో ‘మనం’కూ ‘మేము’కూ అదే మాట. అందులో రాష్ట్రాలు ఉన్నట్టా, కేంద్రం ఒక్కటేనా అన్నది తగవు. ఉన్నట్టేననీ, వాటిని అడగకుండా కేంద్రం ఒక్క రేవును కూడా మూయరాదనీ న్యాయమూర్తులు తేల్చారు.

తీర్పు నిండా న్యాయమూర్తులు ‘మేము భావిస్తున్నాము’, ‘మేము తోసిపుచ్చుతున్నాము’ అన్నారు. అలవాటుపడిన ఆమె చేయి ఆగలేదు. ‘రేవుల విషయం మేము నిర్ణయిస్తాము’ అని, ‘మనం’ ఉండాల్సిన ఒడంబడిక వాక్యాన్నీ రాసేసింది. ఆ పూట మాస్టారు పన్ను పీకించుకోవడానికి వెళ్లారు. కాగితం నేరుగా పైకి చేరింది.

మర్నాడు ఇద్దరికీ పిలుపు వచ్చింది.

“గెలిచిన రాష్ట్రాల్ని ఒక్క మాటతో ఓడించేశావు కదమ్మా!” అన్నాడు సూపరింటెండెంటు. “అచ్చుకి వెళ్లుంటే మన కొంప మునిగేది. మాస్టారూ, మనం ఈ అమ్మాయిని పంపించేద్దాం.”

ఆమె మాస్టారి వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈయన కాచుకున్నది ఇందుకే కదా!

మాస్టారు వాచిన దవడ పట్టుకుని అనుమానంగా చూశారు. “మనమంటే?”

“అబ్బబ్బ! నేనూ, మీరూ.”

“తీర్పు చదివారుగా? ‘మనం’లో ఉన్నవాణ్ణి కాదని ఒక్కరే నిర్ణయించకూడదు. నేను ఒప్పుకోను. రోజూ ఈ కాగితాలు నేను చూసి, దిద్దించాకే మీ దగ్గరికొస్తాయి. నిన్న చూడలేదు. తప్పు మాది.”

“మాది అంటే ఎవరెవరిదండీ?” ఆ ప్రశ్న తన నోట వచ్చినందుకు సూపరింటెండెంటే ఉలిక్కిపడ్డాడు.

“నాదీ, ఈ అమ్మాయిదీ. మీరు అందులో లేరు.”

సూపరింటెండెంటు కాగితాన్ని ఇటు తోశాడు. “దిద్ది తీసుకురండి.”

వరండాలోకి వచ్చాక ఆమె అడిగింది. “మాస్టారూ, మనం టీ తాగుదామా?”

“మనమంటే?”

“నేను తెస్తానండీ. మీరు తాగండి.”

“మరి అది ‘మనం’ ఎలా అవుతుందమ్మా?” అన్నారు మాస్టారు అనుమానంగా, ఆమెకంటే ముందే క్యాంటీను వైపు నడుస్తూ.