అయిదు చుట్ల టేపు

ఆ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు నూట అరవై. వాటిలో ఏది మొరాయించినా ముందుగా వినిపించే కేక "నూనెచుక్కా!" అని. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. నడుముకి కట్టుకున్న సంచిలో ముక్కు పొడుగు నూనెడబ్బా, రెండు స్క్రూడ్రైవర్లు, వెంట్రుకలు వంగిపోయిన పాత టూత్‌బ్రష్షు. నలభై ఒకటో ఏడు నడుస్తోంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నూట అరవై మందిని సాకుతున్నాను, ఇంకొకర్ని ఎక్కడ పెట్టుకోను?" అనేది.

మనిషి మాటలు తక్కువ గాని, నవ్వు మాత్రం పేరుపడ్డ నవ్వు. తల కొంచెం పక్కకి వంచి, మూడు ముక్కలుగా, హ్హ, హ్హ, హ్హ అని నవ్వేది. మూడో ముక్క కాస్త పైకి లేచి అక్కడే తెగిపోయేది.

"ఓసారి నవ్వి పోవే తల్లీ, నా మిషనూ కదులుతుంది," అనేది కాలర్లు కుట్టే పెద్దావిడ.

"అది నవ్వా, నీళ్ళు రాని కొళాయా?" అనేది ఆ పక్కన బొత్తాలు కుట్టే పిల్ల.

"అది మా అమ్మ నవ్వు. నన్నేమన్నా అనండి, దాన్ని అనకండి," అనేది నూనెచుక్క. అని మళ్ళీ అలాగే నవ్వేది.

తల్లి పోయేనాటికి ఆమెకు రెండేళ్ళు. మొహం గుర్తులేదు, చెయ్యి గుర్తులేదు. మిగిలింది ఒక ఫొటో, ఒక రికార్డు. ఫొటోలో తల్లి కళ్ళు మూసుకుని ఉంది, కాబట్టి ఉన్నట్టు లెక్క రికార్డు ఒక్కటే. చిన్న పళ్ళెమంత ఉంటుంది. ఎగ్జిబిషన్‌లో గొంతులు రికార్డు చేసిచ్చే కొట్టు పెట్టారనీ, మీ అమ్మ సరదాపడితే చేయించాననీ, అప్పటికి ఇంకా జబ్బు గిబ్బు ఏమీ లేవనీ నాన్న చెప్పేవాడు. మూడు నిమిషాలు. "పాపా, నేనే, అమ్మని," అని మొదలవుతుంది. నాన్న చెప్పులేసుకుని నడవకు, బోర్లా పడతావు అంటుంది. మట్టి తినకు అంటుంది. పిన్నిని కొరికావట కదా, ఇంకోసారి కొరికితే నీ పళ్ళు లెక్కపెడతాను అంటుంది. సన్నటి, గలగలలాడే గొంతు, పదిహేనేళ్ళ పిల్ల గొంతు. చివర్లో ఆ నవ్వు. ఆ తర్వాత అంతా బరబర.

ఆ రికార్డు వాడినకొద్దీ సబ్బులా అరిగిపోతుందని నాన్న దాన్ని ఎప్పుడోగాని బయటికి తీసేవాడు కాదు. ఆమెకు ఆటలమ్మ పోసినప్పుడు ఒకసారి, ఎనిమిదో తరగతిలో బడి మానేసి మూడు రోజులు అన్నం తిననప్పుడు ఒకసారి, ఫ్యాక్టరీలో చేరిన రోజున ఒకసారి. వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆమెకు ప్రతి మాటా, ప్రతి విరుపూ కంఠస్థం. ఆ నవ్వు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నది. తల్లి దగ్గర కూతురు నేర్చుకున్నది అదొక్కటే.

టర్న్‌టేబుల్ మూలబడి ఆరేళ్ళయింది. బెల్టు కరిగి జిగురైంది, సూది విరిగింది. నాన్న దాన్ని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆయనా ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో మిషన్ల మెకానిక్కు, కూతురికి పని నేర్పింది ఆయనే. చూపు మందగించాక మానేశాడు.

"బాగుచేద్దాం నాన్నా," అంటే, "పోనీలే అమ్మా, విన్నంత విన్నాం. అరిగిపోయేదాన్ని ఇంకా అరగదీయడం ఎందుకు?" అనేవాడు.

అది అలాగే ఉండిపోయేదేమో గాని, ఆమధ్య పిన్ని చూడ్డానికొచ్చింది. మాటల్లో మాటగా, "మీ అమ్మది ఎంత గొంతనుకున్నావే! బానలోంచి వచ్చినట్టుండేది. ఈ చివర పిలిస్తే ఆ చివర కుక్క లేచేది," అంది.

"కాదు పిన్నీ, అమ్మది సన్న గొంతు కదా."

"నాకు చెప్తున్నావా? ఒకే మంచం మీద పడుకుని పెరిగినదాన్నే నేను."

నాన్న చొక్కా చేతి మడత విప్పి, మళ్ళీ మడతపెట్టుకున్నాడు. పిన్నికి మతిమరుపు మొదలైందనుకుంది నూనెచుక్క. కానీ ఆ మాట చెవిలో పడ్డ చీమలా ఊరుకోలేదు. ఉన్నది ఒక్క గొంతు. అది కూడా అమ్మది కాదంటే ఇక తనకి ఏముంది? తేల్చుకోవాలంటే రికార్డు పాడించడం ఒక్కటే దారి.

ఆదివారం అటకెక్కి రికార్డు మిషన్ దించింది. పాత రేడియోల కొట్టాయన దగ్గరికి మోసుకెళ్ళింది. ఊరందరికీ ఆయన రేడియో బాబాయి. విరిగిన సూదిని భూతద్దంలో చూసి నాలిక కొరుక్కున్నాడు.

"ఇది సూదా తల్లీ, నాగలి కర్రు! దీంతో రికార్డు వినలేదు మీరు, దున్నారు."

"కొత్తది వేస్తే పాతది బతుకుతుందా బాబాయ్?"

"పోయిన మట్టి తిరిగిరాదు. ఉన్న మట్టి ఉంటుంది. తేలికపాటి సూది ఇస్తాను. సూది పట్టుకునే ఈ చేతి వెనక బరువు బిగించుకో, సూది ఈకలా ఆనాలి. ఈ డబ్బా స్పీకరు తీసి అవతల పారెయ్యి, విడిగా రెండు పెట్టు. అప్పుడు చూడు, పాడినవాళ్ళు ఊపిరి పీల్చిందీ వినపడుతుంది."

కొత్త బెల్టు, సూది, రికార్డు తిరిగే పళ్ళెం మీద పరిచే దళసరి రబ్బరు పరుపు, చేతిలో పట్టేంత యాంప్లిఫయరు, వాడిన స్పీకర్ల జత ఇచ్చాడు. గీతలు గీసిన గుండ్రటి అట్టముక్క ఒకటి ఊరికే ఇచ్చాడు. "దీన్ని పళ్ళెం మీద పెట్టి ట్యూబులైటు కింద తిప్పు. గీతలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ముందుకో వెనక్కో పాకుతుంటే తేడా ఉన్నట్టు," అన్నాడు.

రెండు ఆదివారాలు పట్టింది. నాన్న ఆమె బాగుచేస్తున్న బల్ల దరిదాపులకి రాలేదు. మామూలుగా ఐతే స్క్రూ బిగించే చప్పుడు వింటేనే "అటు కాదు, ఇటు" అని అవతలి గదిలోంచి చెప్పే మనిషి. పాత బెల్టు జిగురుని కిరసనాయిలుతో కడిగింది. ఎండిపోయిన ఇరుసులో పాత నూనె తీసి కొత్త చుక్క వేసింది. మోటారు బయటికి లాగితే బెల్టుని తిప్పే పుల్లీ చుట్టూ నల్లటి టేపు కనబడింది. గట్టిపడి ఇనుములా ఉంది. కొస దగ్గర ఇంతే ఇంత మడతపెట్టి ఉంది, తర్వాత విప్పేవాళ్ళకి గోరు దొరకాలని. అది నాన్న మడత. ఫ్యాక్టరీలో ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే: నీ పని ఇంకొకరు విప్పేటట్టు చెయ్యాలి. ఎప్పుడో బెల్టు జారుతుంటే పట్టుకోసం చుట్టి ఉంటాడనుకుంది. ఒక్కో చుట్టే విప్పింది. అయిదు చుట్లు. కొత్త బెల్టు బిగువుగా ఉంది కాబట్టి ఇక దాంతో పనిలేదని చెత్తబుట్టలో వేసింది.

ఆ సాయంత్రం నాన్న నడకకి వెళ్ళిన వేళ రికార్డు పెట్టింది. తేలిక సూది చప్పుడు లేకుండా ఆనింది.

"పాపా, నేనే, అమ్మని."

నూనెచుక్క చటుక్కున సూది ఎత్తేసింది. ఎవరో పరాయి ఆడమనిషి. బరువైన గొంతు, అడుగున జీర. తను ఏదో పాడుచేసిందనుకుంది. రికార్డు తీసి అట్టముక్క పెట్టి ట్యూబులైటు వేసింది. గీతలు కదలలేదు. ముందుకూ లేదు, వెనక్కీ లేదు, గోడకి కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి. వేగం సరిగ్గానే ఉంది. ఇప్పుడే సరిగ్గా ఉంది.

పుల్లీ లావైతే పళ్ళెం పరుగందుకుంటుంది. ఇది ఫ్యాక్టరీలో రెండో పాఠం. పరుగందుకుంటే గొంతు సన్నబడుతుంది.

మళ్ళీ పెట్టింది. ఈసారి చివరిదాకా విన్నది. చెప్పుల మాట, మట్టి మాట, పళ్ళ మాట అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కో మాటకీ మధ్య గాలి కోసం వెతుక్కోవడం ఉంది. మెట్లెక్కి వచ్చినవాళ్ళు మాట్లాడినట్టుంది. చివర్లో నవ్వు రావలసిన చోట నవ్వు రాలేదు. దగ్గు వచ్చింది. మూడు ముక్కలుగా. మూడోది పైకి లేచి, గాలి చాలక తెగిపోయింది. ఇన్నేళ్ళూ బరబరలో మునిగిపోయిన చోట, పక్కకి తిరిగి ఎవరితోనో అన్నట్టు మెల్లగా: "ఏవండీ... కాసిని నీళ్ళు." కొంచెం ఆగి, గుటక మింగి, "సరే పాపా, ఉంటా."

నాన్న వచ్చేసరికి ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల మీద ట్యూబులైటు కింద గీతల అట్ట తిరుగుతోంది. ఆయనకి చూపు తక్కువే గాని ఇది అర్థం కావడానికి చూపు అక్కర్లేదు.

"విన్నావా?" అన్నాడు.

"టేపెందుకు చుట్టావు నాన్నా?"

ఆయన చెప్పులు విప్పకుండానే మంచం అంచున కూర్చున్నాడు.

"అది నవ్వు కాదు కదా?"

"కాదమ్మా."

"ఎగ్జిబిషనూ కాదేమో."

"కాదు. నిన్ను దగ్గరికి తీసుకోకూడదన్నాడు డాక్టరు. ఊపిరితిత్తుల జబ్బు కదా. నువ్వు పిన్ని దగ్గరున్నావు. నా గొంతన్నా నా బిడ్డ దగ్గరుండాలి అని మీ అమ్మ పోరుపెట్టింది. రిక్షాలో తీసుకెళ్ళాను. కొట్టువాడు ఎర్రదీపం వేశాక చీమ కదిలినా అందులో పడుతుందన్నాడు. నేను ఎందుకైనా మంచిదని గ్లాసుతో నీళ్ళు పట్టుకుని మూలన నిలబడ్డాను. అది నీళ్ళడిగింది. నువ్వు విన్నావుగా. నేను అడుగు వెయ్యబోయాను. వాడు చెయ్యి అడ్డంగా చాపాడు. రికార్డు పాడైపోతుందేమోనని నేను కదల్లేదు. నీళ్ళు చేతిలో పెట్టుకునే, అలాగే చూస్తూ నిలబడ్డాను."

"తర్వాత ఇచ్చావా?"

"ఇచ్చాను. తాగి, బాగా మాట్లాడానా అని అడిగింది. పిల్ల భయపడదు కదా అంది. ఉంటానని చెప్పింది చూడు, నెల తిరక్కుండానే పోయింది." అరచెయ్యి మోకాలికి రుద్దుకున్నాడు. "నిన్ను ఇంటికి తెచ్చి మొదటిసారి వినిపిస్తే నువ్వు దడుచుకుని ఏడ్చావు. దగ్గు వచ్చినచోట మరీ గుక్కపట్టావు. దాని భయం నిజమైంది. రెండో రోజు ఒక చుట్టు చుట్టాను. చాల్లేదు. అయిదో చుట్టుకి నువ్వు నవ్వావు. అమ్మ నవ్వుతోంది అన్నావు. ఆ మాట నేనన్నది కాదమ్మా, నువ్వే అన్నావు."

నూనెచుక్కకి కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"నాకు ఆ నవ్వు ఒక్కటే ఉండేది నాన్నా."

"అందుకే కదమ్మా," అన్నాడాయన.

ఆ తర్వాత మూడు వారాలు ఇంట్లో ఉప్పు, పప్పు, కరెంటు గురించి తప్ప మాటల్లేవు. ఫ్యాక్టరీలో కాలర్ల పెద్దావిడ ఏదో మోటు పరాచికం ఆడితే అలవాటుకొద్దీ నవ్వబోయి, రెండో ముక్క దగ్గర ఆగిపోయింది.

"ఏమే, కొళాయి పూర్తిగా ఎండిపోయిందా?" అంది బొత్తాల పిల్ల.

నూనెచుక్క నూనెడబ్బా తీసుకుని ఇంకో వరుసలోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళుగా తను ఏం చేస్తూ వచ్చిందో ఆ పిల్లకి ఎలా చెప్తుంది? సంతోషం వచ్చినప్పుడల్లా తల్లి దగ్గు దగ్గుతూ వచ్చింది.

ఒక రాత్రి నాన్న కంచం ముందు కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "పాలంటే మీ అమ్మకి గిట్టేది కాదు. తాగానని చెప్పి కిటికీలోంచి పారబోసేది. కిటికీ కింద పిల్లులు బలిశాయి," అన్నాడు. ఈ సంగతి ఆయన ఇదివరకెప్పుడూ చెప్పలేదు. ఇదివరకు చెప్పిన అమ్మ ఎప్పుడూ నవ్వే అమ్మ, ఆమెకు పాలంటే గిట్టకపోవడం లేదు, కోపం లేదు, జబ్బు లేదు. మర్నాడు ఇంకొకటి చెప్పాడు. చివరి రోజుల్లో తల దువ్వబోతే దువ్వెన గోడకి విసిరికొట్టిందని. "కాదు కాదు, నాకే తగిలింది," అని కనుబొమ్మ మీద చిన్న మచ్చ చూపించాడు. చిన్నప్పుడు అడిగితే తలుపు తగిలిందని చెప్పిన మచ్చ. ఆమె ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

తర్వాత ఆదివారం పొద్దున ఆయన తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"పెట్టమ్మా."

"ఏది?"

"అదే. మధ్యలో తీసెయ్యకు. చివరిదాకా పెట్టు."

"అరుగుతుందేమో నాన్నా."

"అరగనీ."

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఫొటో తీయించుకునేవాళ్ళలా నిటారుగా కూర్చున్నాడు. ఆమె సూది ఆనించి, గోడవైపు తిరిగి నిలబడింది. బరువైన గొంతు గది నిండా వచ్చింది. ఇప్పుడది ఆమెకు పరాయిగా లేదు, అలాగని తనదిగానూ లేదు. చెప్పులు. మట్టి. పళ్ళు. దగ్గు వచ్చింది. కుర్చీ కిర్రుమంది గాని నాన్న లేవలేదు.

"ఏవండీ... కాసిని నీళ్ళు."

రికార్డులో చిన్న ఖాళీ. ఆ ఖాళీలోకి, వంటింట్లోంచి పలికినట్టు మామూలుగా, కొంచెం విసుగ్గా కూడా, "ఆఁ, తెస్తున్నా," అన్నాడు నాన్న.

ఆమె వెనక్కి తిరగలేదు. సూది నడుస్తూనే ఉంది. చివరి మాట ఇంకా రావలసి ఉంది.