ధనియాల పొడిలో రంపపు పొట్టు

గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో నేను ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన నాటికే అక్కడి క్యాంటీన్ వంట దేవమ్మది. లక్డారం ఊరి మనిషి. నలభై దాటి ఉంటాయి. పులుసు రెండు చుక్కలు అరచేతిలో వేసుకొని నాకి, ఏం తక్కువైందో ఠక్కున చెప్పేది. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళకు కూడా ఆమెనే పిలుచుకుపోయేవారు.

మసాలాలు వేయించి దంచి ఇచ్చేది అనీస్ బేగం. పటాన్‌చెరు నుంచి పొద్దున మొదటి బస్సుకు దిగేది. ఇద్దరూ ఏడేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు. అనీస్ ఆమెను "అక్కా" అనేది.

1993 వానాకాలంలో దేవమ్మకు జ్వరం వచ్చింది. ముక్కు దిబ్బడేసి పది రోజులు లేవలేదు. ఆ రోజుల్లోనే వంటగది గోడ అవతల సాల్వెంట్ అనే ఘాటు రసాయనాల డ్రములకు షెడ్డు వేశారు. అటుగా పోతే కళ్ళు మండేవి. తిరిగి పనిలోకి వచ్చాక దేవమ్మకు ఏ కూర వండినా చప్పగా అనిపించసాగింది. ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, కారం మండుతోంది. కూరకు మాత్రం రుచి లేదు.

"ఏం దంచుతున్నవే అనీస్? ధనియాలేనా ఇవి?"

"అదే దుకాణం అక్కా, అవే ధనియాలు."

చాలడం లేదని దేవమ్మ ఇంకా ఇంకా పొడి కుమ్మరించింది. కూరలు చేదెక్కాయి. తినేవాళ్ళు గొణిగారు. చివరికి ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ లింగం వచ్చి, "ఏంది దేవమ్మా, గిట్ల జేస్తున్నవు?" అని అందరి ముందే అడిగాడు.

దేవమ్మ లోపలికి పోయి పొడి డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. "నన్నేమడుగుతవు? దీన్నడుగు. మంచి ధనియాలు ఇంటికి మోస్తున్నది. మనకు రంపపు పొట్టు కలిపి ఇస్తున్నది!"

అనీస్ ముఖం తెల్లబోయింది. పొడి గుప్పిట్లోకి తీసి దేవమ్మ ముక్కు దగ్గర పెట్టింది. "అల్లా కసమ్ అక్కా, జెర వాసన సూడు."

"ఏమున్నది గిందుల? మన్ను."

నేను మూడో బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పుడే వేయించి దంచిన ధనియాల ఘుమఘుమ నా దాకా వచ్చింది. హాల్లో నలభై మందికీ వచ్చే ఉంటుంది. ఎవరూ నోరు విప్పలేదు. పెద్దావిడతో మనకెందుకని నేను కంచంలోకి తల దించుకున్నాను. అనీస్‌ను రేపటి నుంచి రావద్దన్నాడు లింగం. అనీస్ ఏడవలేదు. చేతులు కడుక్కొని వెళ్ళిపోయింది.

తర్వాత దేవమ్మ తనే దంచుకుంది. రుచి రాలేదు. దుకాణం మార్చింది. అయినా రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పప్పు అడుగంటి హాలంతా మాడు వాసన కొడుతుంటే, ఆమె ఆ గుండిగ పక్కనే నిలబడి ఉల్లిగడ్డలు కోస్తోంది. ఎవరో పరుగెత్తుకొచ్చి దించారు. ఆ సాయంత్రం ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సార్, నా నాలుక సచ్చినట్టున్నది."

సంగారెడ్డిలో భీమశంకరం అనే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఆమెను కళ్ళు మూసుకోమని నాలుక మీద ఒక్కొక్కటే చుక్క వేశాడు. చక్కెర నీళ్ళు, ఉప్పు నీళ్ళు, నిమ్మరసం, కాకరరసం. నాలుగూ సరిగ్గా చెప్పింది. తర్వాత నలిపిన ధనియాలు ముక్కు కింద పెట్టాడు.

"పెట్టుండ్రి మరి," అంది దేవమ్మ. పెట్టినట్టే ఆమెకు తెలియలేదు.

"నీ నాలుక మంచిగనే ఉందమ్మా," అన్నాడు డాక్టరు. నాలుక మీద కనిపించే బుడిపెల్లో కంటికి ఆనని రుచి మొగ్గలుంటాయనీ, ఉమ్మిలో కరిగింది వాటిని తాకితే తీపో పులుపో ఉప్పో చేదో మెదడుకు చెబుతాయనీ వివరించాడు. వాటిలోని కణాలు పదిపన్నెండు రోజులకోసారి పోయి కొత్తవి పుడతాయట. కారం అసలు రుచే కాదట, మంటట. "మిగిలిన రుచంతా వాసనే. నములుతుంటే గొంతు వెనక నుంచి ముక్కులోకి పోతుంది. నీకు పోయింది అదే." జ్వరం వల్లనా, ఆ షెడ్డు గాలి వల్లనా అని నేనడిగితే చెప్పలేనన్నాడు. నన్ను ముక్కు మూసుకోమని సోంపు నమిలించాడు. కాస్త తీపి తప్ప ఏమీ లేదు. ముక్కు వదలగానే నోరంతా సోంపు.

దేవమ్మ నా ముఖం చూసింది. "అంటే ధనియాలు మంచియేనా?"

డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

బస్సులో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. చాలా దూరం పోయాక అడిగింది. "ఆ దినం మీకు వాసనొచ్చిందా సార్?"

"వచ్చింది."

"మరి సెప్పలేదేంది?"

నేను కిటికీ వైపు తిరిగాను.

మూడు ఆదివారాలు దేవమ్మ పటాన్‌చెరు దాకా పోయి, అనీస్ వాళ్ళ గల్లీ మొదట్లో నిలబడి తిరిగొచ్చింది. నాలుగో ఆదివారం నన్నూ రమ్మంది. అనీస్ వాకిట్లో ఎవరి గోదాముకో ఖాళీ సీసాలు కడుగుతోంది. వేళ్ళకు గాజుగాట్లు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"నా ముక్కు సచ్చింది అనీస్. నీ ధనియాలు మంచియే. తప్పు నాదే," అంది దేవమ్మ.

అనీస్ సీసా పక్కన పెట్టింది. "గీడ చెప్తే ఏం ఫాయిదా? నన్ను చోర్ అన్నది గాడ, అందరి ముందల. బస్సుల మొఖం దాసుకొని తిరుగుతున్న నేను."

మర్నాడు భోజనాలప్పుడు దేవమ్మ హాలు మధ్యలో నిలబడింది. "అనీస్ దొంగ కాదు. నాకు వాసన తెలుస్తలేదు. తెల్వక దాని పేరు కరాబ్ చేసిన." నేనూ లేచాను. ఆ రోజు నాకు వాసన తెలిసీ ఊరుకున్నానని చెప్పాను. మిగతావాళ్ళు కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు.

లింగం కబురు పెడితే వారం తర్వాత అనీస్ వచ్చింది. రుచి చూసేది తనేనని షరతు పెట్టింది. దేవమ్మ కూరగాయలు కోయడానికీ, అన్నం వార్చడానికీ మారింది. పదకొండేళ్ళు అనీస్ చెప్పినట్టే చేసింది. అనీస్ ఆమెను ఒక్క మాట అనలేదు. "అక్కా" అని కూడా అనలేదు. ఏడాదిన్నరకు దేవమ్మకు కిరోసిన్ వాసనా, నిమ్మతొక్క వాసనా కొద్దిగా తెలిశాయి. అంతకు మించి రాలేదు. పెళ్ళి వంటలకు పిలవడానికి ఎవరైనా వస్తే పటాన్‌చెరుకు, అనీస్ దగ్గరికి పంపేది.

ఆమె పని మానేసే ముందు ఒకసారి అడిగాను, అనీస్ క్షమించిందా అని.

"అడగలేదు సార్," అంది. "అడగనీకి నాకు మొఖమేడిది?"