మా పిల్ల తెచ్చుకున్న సున్నా

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి. ఆ చదువుతోనే పెద్దాసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగం సంపాదించాను. రిటైరయ్యేదాకా నా కిటికీలో వరస తప్పి ఎవరికీ చీటీ ఇచ్చింది లేదు. ఒకసారి మా సూపరింటెండెంటుగారి బావమరిదినే వెనక్కెళ్ళి నిలబడమన్నాను. నిలబడ్డాడు. మా వీధిలో సైకిలు తొక్కిన మొదటి ఆడదాన్ని నేనే. అందరూ వద్దంటున్నా చెల్లెలి కూతుర్ని యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సులో చేర్పించిందీ నేనే. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల రెండో ఏడు తెచ్చుకున్న సున్నా ఒక ఎత్తు.

దాన్ని ఇంట్లో మొండి అంటాం. వాళ్ళమ్మ పనిలోంచి వచ్చేదాకా నా కిటికీ వెనక స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగింది.

ఆ ఏడు ల్యాబ్ పరీక్షకి, ఆసుపత్రిలో రోగుల్ని ఏ వరసలో పిలవాలో చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. జబ్బు ముదిరినవాళ్ళు ముందు. ఇద్దరిదీ ఒకే తీవ్రత అయితే ముందొచ్చినవాళ్ళు ముందు. ప్రశ్నలో స్పష్టంగా అలాగే ఉంది. పిల్లలు రాసింది మనుషులు దిద్దరట, మిషను దిద్దుతుందట. దానికి ముందే జవాబులు ఎక్కించి ఉంచుతారు. కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు.

మా పిల్లకి ఎరుపు వచ్చింది. రాసిందంతా మళ్ళీ మళ్ళీ చూసుకుంది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, ఎక్కించిన జవాబే తలకిందులు. ఒకే తీవ్రత ఉన్న ఇద్దరిలో వెనకొచ్చినవాణ్ణి ముందు పిలుస్తోంది! క్లాసులో మిగతావాళ్ళూ కనిపెట్టారు. కనిపెట్టి, ప్రోగ్రాంలో ఎక్కువ తక్కువలు పోల్చే గుర్తు ఒకటి తిప్పేసి, పచ్చ తెచ్చుకుని క్యాంటీనుకి పోయారు.

ఇది పోలేదు. ల్యాబ్ సారు దగ్గరికెళ్ళింది.

"సార్, మిషన్లో జవాబు తప్పుంది."

"ఇన్నేళ్ళుగా అందరికీ సరిపోయింది, నీకొక్కదానికే తప్పొచ్చిందా?"

"అందరూ తిప్పి రాస్తున్నారు సార్."

"అయితే నువ్వూ తిప్పు. ఒక్క గుర్తమ్మా! దానికోసం ల్యాబ్ పోగొట్టుకుంటావా?"

"తిప్పితే ముందొచ్చినవాడు వెనక్కి పోతాడు సార్."

సారు నవ్వారు. "ఇక్కడ రోగులెవరూ లేరమ్మా."

"నేను వాళ్ళ మధ్యే పెరిగాను సార్" అని వచ్చేసింది.

సున్నా పడింది. ల్యాబ్ తప్పింది. వచ్చే ఏడు జూనియర్లతో కూర్చుని మళ్ళీ రాయాలి, అప్పుడూ తప్పితే చదువు అక్కడితో ఆగినట్టే. మా చెల్లెలు ఏడుస్తూ నా మీదికొచ్చింది.

"దాన్ని చెడగొట్టింది నువ్వే అక్కా! నీ మాటైతే వింటుంది, తిప్పి రాయమని చెప్పు."

"నా నోటితోనా? ఆ స్టూలు మీద కూర్చోబెట్టక ముందే అడగాల్సింది నువ్వు."

మరుసటేడు అదే ప్రశ్న, అదే మిషను. పక్కనున్న జూనియర్ పిల్ల మెల్లగా అడిగిందట: "అక్కా, తిప్పితే పచ్చ వస్తుందట కదా?"

"వస్తుంది. నేను తిప్పను. మీ ఇష్టం."

"మళ్ళీ పోతే?"

"పోతే పోయింది. తప్పని తెలిసి రాయడం నాకు చేతకాదు."

ముందు కిసుక్కున నవ్వారట. తర్వాత ఒకరు తిప్పడం మానేశారు, ఆ పక్కవాళ్ళూ మానేశారు. సాయంత్రానికి మార్కుల తెర సగం ఎర్రబడింది. ఒకరు తప్పితే మొండి అంటారు, సగం క్లాసు తప్పితే విభాగాధిపతి సంజాయిషీ అడుగుతాడు. అప్పుడు కూర్చున్నారు ల్యాబ్ సారు, ఇద్దరు రోగుల్ని కాగితం మీద రాసుకుని. జవాబు సరిచేశారు. చేయగానే ఎరుపులన్నీ పచ్చబడ్డాయి, తిప్పి రాసినవాళ్ళు ఎర్రబడి పరుగెత్తుకొచ్చారు!

సారు మంచాయనే. మా పిల్లని పిలిచి, "పాత సున్నా మార్పించుకోవాలంటే అర్జీ పెట్టుకో" అన్నారు.

"తప్పు మిషనుది కదా సార్, అర్జీ నేనెందుకు పెట్టాలి?"

పెట్టలేదు. అందుకే దాని మార్కుల కాగితంలో ఆ సున్నా ఇప్పటికీ ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తాను. "అయ్యో, ఇదేంటండీ సున్నా!" అంటారు. కూర్చోండి చెప్తానంటాను. మొన్న పక్కింటాయన వస్తూనే, "ముందు నాకు చెప్పండి, పనుంది" అన్నాడు. ఆయనకంటే ముందొచ్చినావిడ అప్పటికే కూర్చునుంది.

ఆగమన్నాను.