డెనిస్ ఆపిన పాట

పగలంతా ఇంగ్లండులోని లీడ్స్‌లో, కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే డెనిస్ హార్‌గ్రీవ్స్ సాయంత్రమైతే డ్రమ్స్ ముందు కూర్చుంటుంది. సూది గుచ్చుకున్న వేళ్ళకు ప్లాస్టర్ చుట్టుకుని, చల్లారిన టీ పక్కన పెట్టుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా వాయిస్తుంది. జల్లుమనే ఇత్తడి తాళాలు వాడదు. తళుకులు మనకెందుకంటుంది. వాళ్ళ బ్యాండ్‌లో ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదు. ప్రతి పాట కిందా నలుగురి పేర్లూ ఉంటాయి. పదేళ్ళలో మూడు రికార్డులు వేశారు, ఒక్కటీ దేశాన్ని ఊపలేదు. ఊపగలిగే అవకాశం పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఒక్కసారి వచ్చింది. లండన్ నుంచి పెద్ద రికార్డు కంపెనీ మనిషి ఒక హాల్లో వాళ్ళ కచేరీ వినడానికే వచ్చాడు. రెండో పాటలో, ఈ దేశం తెల్లవాళ్ళదేనని అరిచే గుంపొకటి హాల్లోకి చొరబడి, ఒక సిక్కు యువకుణ్ణి కింద పడేసి తన్నసాగింది. డెనిస్ కర్రలు దించేసింది.

"వాయించవే తల్లీ, ఆ లండన్ ఆయన చూస్తున్నాడు," అన్నాడు గాయకుడు కీత్, పళ్ళు బిగించి.

"చూడనీ. నా డ్రమ్ముకు లయ తప్పకుండా తంతున్నారు వాళ్ళు. నేను వాయించను."

సంగీతం ఆగేసరికి బూట్ల చప్పుడు హాలంతా వినపడింది. అప్పటిదాకా ఎగురుతున్న జనం వెనక్కి తిరిగి చూశారు. ముందు ఇద్దరు కదిలారు, ఆ వెనక హాలే కదిలింది. గుంపును బయటికి నెట్టి వచ్చేసరికి కంపెనీ మనిషి కుర్చీ ఖాళీగా ఉంది.

"పోయాడు. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?" అన్నాడు కీత్. మైకు సరిచేసుకుని, "సరే, ఎక్కణ్ణుంచి అందుకోమంటావు?" అని అడిగాడు.

పెదవి చిట్లిన ఆ యువకుడు తలపాగా సర్దుకుని వేదిక ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మొదట్నుంచి," అంది డెనిస్ అతని వైపు తల ఊపి, కర్రలెత్తుతూ. "ఆయన సరిగ్గా వినలేదు కదా."