భర్త పేరు: లక్ష్మవ్వ

భీమమ్మ నాకు సవతి. ఆమె పెద్దది, నేను చిన్నదాన్ని. పత్తి ఏరుట్ల ఆమెను మించినోళ్లు మా కంగ్టి దిక్కు లేరు, తిట్టుట్ల గూడ లేరు. మా ఆయన రెండువేల రెండుల సచ్చిపోయిండు. ఇద్దరికీ పిల్లలు లేరు. ఒక్క వాకిట్లనే ఉంటిమి గని మాట లేదు. ఆమె కోడి నా దిక్కొస్తె తరిమేదాన్ని.

రెండువేల తొమ్మిదిల ఆమె రొమ్ముల గడ్డ లేచింది. నారాయణఖేడ్ దవాఖానల చూసి, హైదరాబాద్ల క్యాన్సర్ దవాఖానకు పొమ్మన్నరు. తోడు ఎవలున్నరు? నేనే బస్సెక్కిన.

"ఏందే, నా సావు చూడనీకి వస్తున్నవా?" అన్నది.

"అవ్, టికెట్ కొనుక్కొని మరీ చూడనీకొస్తున్న" అన్న.

ఆడ కాయితాలు రాసేటాయన "నీ పెనిమిటి పేరేంది?" అనడిగిండు. ఆమె తల వంచింది. మొగని పేరు నోట పలుకుతరా? ఆయన నా దిక్కు చూసిండు. నేనెట్ల పలుకుత, నాకూ ఆమె మొగడే మొగడాయె! కాయితాలాయన పరేషానై "నీ పేరన్న చెప్పు తల్లీ" అన్నడు. "లక్ష్మవ్వ" అన్న. భర్త పేరు కాడ గదే రాసి పారేసిండు.

డాక్టరమ్మ మంచిది, ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆలుమొగలు జోడుగ ఉన్నోళ్లు ఎక్కువ బతుకుతున్నరు. పక్కన ఒకరుండి తారీఖుకు తోలుకొస్తరు. ఒంటరోళ్లు నడుమల్నే బంద్ చేస్తరు" అన్నది.

గా మాట భీమమ్మ మనసుల పడ్డది. గడ్డ కాడ కరెంటు, అదే రేడియేషన్, ఇరవై ఐదు దినాలు పెట్టాలె. పది పెట్టంగనే, మేం దిగిన సత్రంల గోడ దిక్కు తిరిగి పండుకున్నది. "మొగడు లేనిదాన్ని, ఇగ నేను రాను" అన్నది.

నాకు కోపం నెత్తికెక్కింది. "ఆయన పోయె, ఇగ నువ్వు గూడ పో! గా వాకిట్ల నేనొక్కదాన్నే ఎవలతోని కొట్లాడాలె?" అని ఒర్రిన. ఒర్రుకుంట ఒర్రుకుంట ఏడ్సిన. నాకు నిజంగనే భయమైంది.

ఆమె నా దిక్కు తిరిగింది. లేచి చెప్పులేసుకున్నది. ఇరవై ఐదూ నిండినయి.

రెండువేల పద్నాలుగుల, ఐదేండ్ల పరీక్షకు పోయినం. "ఏం లేదు, ఇగ ఏడాదికొక్కసారి రాండ్రి" అన్నది డాక్టరమ్మ. చిట్టీలిచ్చే కాడ కొత్త పిల్ల కాయితం చూసి నవ్వింది. "భర్త పేరు లక్ష్మవ్వ అని పడ్డదమ్మా. తప్పు గద, దిద్దుత."

భీమమ్మ కాయితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "దిద్దకు బిడ్డా. నన్ను బతికిచ్చిన మొగడు గీమెనే."

ఇన్నేండ్లల్ల నా గురించి ఒక్క మంచి మాట అనని మనిషి! నాకు సిగ్గైంది, ఏడుపొచ్చింది.

"నోర్ముయ్యి అక్కా, బస్సు పోతది" అన్న.