హెర్మన్ ఊరి చీటీ

1967 జూన్‌లో విశ్వవిద్యాలయ ఆవరణలోని విజ్ఞాన సర్వస్వ కార్యాలయంలో సహాయ సంపాదకుడిగా చేరాను. తార్నాకలో అద్దె గది, నడిచి వెళ్లేవాణ్ణి. ఊళ్ల పేర్ల విభాగం నాది. ఊరికొక చీటీ, ఆ పేరెలా వచ్చిందో దాని మీద. రాసినవారి పొడి సంతకం, దాని కింద పరిశీలకుడి పొడి సంతకం, రెండూ ఉంటేనే అచ్చుకు వెళ్లేది. రెండోది నేను పెట్టాలి.

చీటీలు రాసేది ఎస్తేరుగారు. గుంటూరు వైపు బడిపంతులు కూతురు. తాత్కాలిక ఉద్యోగం, ఆరునెలలకోసారి పొడిగించాలి. హబ్సిగూడలో ఆమె ఇల్లు, తమ్ముళ్ల చదువు ఆ జీతం మీదే నడిచేవి.

ఆ చలికాలం అమెరికాలోని హెర్మన్ ఊరి చీటీ రాశారు. రెండువేల ఏళ్ల కిందట రోమన్ సైన్యాన్ని అడవిలో తుడిచిపెట్టిన జర్మన్ తెగల నాయకుడి పేరది. ఆయన సముద్రం దాటలేదు. 1830లలో ఫిలడెల్ఫియాలోని జర్మన్ వలసదారుల సంఘం మిస్సోరి నది ఒడ్డున భూమి కొని, తమ పిల్లలు అక్కడా జర్మన్లుగానే మిగలాలని ఆ పేరు పెట్టింది. నిజానికి రోమన్లు రాసిన పేరు ఆర్మీనియస్; హెర్మన్ అన్నది ఎన్నో శతాబ్దాల తరవాత తగిలించింది. "ఊరికి వీరుడితో సంబంధం లేదు, పెట్టినవారి కోరికతోనే సంబంధం" అని ముగించారు.

ప్రధాన సంపాదకుడు మురిసిపోయారు. "గిట్లుండాలె! దేవుడైనా, వీరుడైనా కాయితం చూపియ్యాలె."

ఎస్తేరుగారు ఆ మాట నమ్మారు. తరవాతి చీటీ మన జిల్లాలోని ఒక ఊరిది. పురాణ వీరుడు అడుగుపెట్టాడని, అందుకే ఆ పేరు వచ్చిందని ఊరి నమ్మకం. పాత పేరు తీసి ఆ పేరు పెట్టమని జాగీరుదారు ఇచ్చిన ఉత్తర్వు ఆమెకు దొరికింది. అదే వాక్యంతో ముగించారు. నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

ప్రధాన సంపాదకుడు మా ఇద్దరినీ పిలిపించారు.

"ఏందమ్మా గిది? గాడ జర్మనోడి ముచ్చటంటే ఎవనికి నొస్తది? ఇది మా అమ్మ పుట్టిన ఊరు. జాతరకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

"కాయితం చూపించమన్నది మీరేగదండీ" అన్నారామె. "వీరుడు మారితే పద్ధతి మారుద్దా?"

ఆయన నావైపు తిరిగారు. "సంతకం నీదేనా?"

ఊరూరా హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. "చదవకుండా పెట్టానండీ" అన్నాను. అక్కడే నా సంతకం కొట్టేశాను.

ఆమె ఉద్యోగం పొడిగించలేదు. చివరిరోజు చీటీల పెట్టె తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "మీరు చదివారు సార్. నేను చూశాను" అని వెళ్లిపోయారు.

హెర్మన్ చీటీ మాత్రం అచ్చయింది, నా సంతకంతోనే. పరాయివాళ్ల వీరుణ్ణి ప్రశ్నించడానికి హేతువాదం అక్కర్లేదు. అవసరమైన రోజున అది నా దగ్గర లేదు. ఆ తరవాత నేను సభల్లో మాట్లాడలేదు.